నీడ వైపు మన్ను

పత్రికకు పంపిన వ్యాసం చదివి సమీక్షకుడు అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. అదీ ఎంతో మర్యాదగా అడిగాడు. మర్యాదగా అడిగే ప్రశ్నలంటే మల్లేశ్వర్‌కు మొదటినుంచీ భయమే. కసిరేవాడికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. మర్యాదస్తుడి ముందు అలా కుదరదు, నిజం చెప్పాల్సి వస్తుంది.

"మీరు ఉత్తరాకాశంలోని చోటును దక్షిణాకాశంతో పోల్చారు. ఉత్తరంలోనే, ఏమీ లేని ఖాళీ చోటుతో కూడా పోల్చి చూశారా?" ఇంతే ఆ ప్రశ్న.

చూడలేదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆ ఆలోచన రాలేదు.

2012, బతుకమ్మ పండుగ ముందరి శనివారం. శంషాబాద్‌లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పిల్లలందరూ ఇళ్లకు పోయారు. ఫిజిక్స్ ల్యాబులో మల్లేశ్వర్ ఒక్కడే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కొత్త ఎయిర్‌పోర్టు మొదలైన నాటినుంచి ఆ ల్యాబు కిటికీ అద్దాలకు స్థిమితం లేదు, విమానం లేచినప్పుడల్లా గడగడ వణుకుతాయి.

మల్లేశ్వర్‌ది రావిర్యాల పక్క పల్లె. తండ్రి కుర్మయ్య జొన్న, కంది పండించే మెట్ట రైతు. ఊళ్లో ఎమ్మెస్సీ దాకా చదివిన మొదటివాడు మల్లేశ్వరే. చదువు అయ్యాక శంషాబాద్‌లో లెక్చరరు ఉద్యోగం దొరికింది. కానీ అతని కళ్లు ఎప్పుడూ నెత్తిమీదే ఉండేవి. గర్వంతో కాదు, ఆకాశం పిచ్చితో. ఆ పిచ్చిని పట్టుకున్నవారు అతని పీహెచ్‌డీ గైడు, ప్రొఫెసర్ వీరరాఘవులు. తెనాలి వైపునుంచి వచ్చి బుద్వేల్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడిన మనిషి. ఇస్త్రీ చొక్కా, ఆచితూచి మాట్లాడే తీరు. ఆయన మనసులో ముప్పయ్యేళ్లుగా ఒక అనుమానం గూడు కట్టుకుని ఉంది.

ఆ అనుమానం ఇదీ. ఆకాశంనుంచి మనమీద రేయింబవళ్లు కణాలు కురుస్తూనే ఉంటాయి. వాటిలో చాలావరకు ప్రోటాన్లు, అంటే హేడ్రాన్లనే మొరటు జాతివి. అవి పైగాలిని గుద్దుకుంటే చిన్న కణాల జల్లు పుడుతుంది. ఆ జల్లులో మ్యూయాన్లనే మొండి కణాలు బోలెడు ఉంటాయి, మన్నును కూడా లెక్కచేయకుండా దూసుకుపోతాయి. కాంతి కణం, అదే ఫోటాన్, పెద్ద శక్తితో వచ్చి గాలిని తాకినా జల్లు పుడుతుంది. కానీ అందులో ఉండేవి ఎక్కువగా ఎలక్ట్రాన్లు. అవి సుకుమారాలు, మన్నులో ఆగిపోతాయి. మ్యూయాన్లు బహు తక్కువ. అయితే ఫోటాన్ ఒక్కోసారి, రెప్పపాటులో కోటోవంతు కూడా కానంత సేపు, వేషం మార్చి హేడ్రాన్‌లా ప్రవర్తిస్తుంది. అది అరుదని అందరూ ఒప్పుకున్న మాట. మహా శక్తుల దగ్గర అది అరుదు కాదేమో, దాని అలవాటే అదేమో అన్నది వీరరాఘవులు గారి అనుమానం. ఆ మాట ఎక్కడ ఎత్తినా పెద్దలు నవ్వి కాఫీ ఇచ్చి పంపేవారు.

దాన్ని తేల్చడానికి చోటు కావాలి. మల్లేశ్వర్ తన పొలం చూపించాడు. చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయి, రాళ్లు పాతుకుని, ప్రహరీలు లేచిపోయాయి. కుర్మయ్య పొలం మాత్రం మిగిలింది. దానిలో అక్కడక్కడా రేకుల డబ్బాలలో పరికరాలు పెట్టారు, జల్లు ఏ దిక్కునుంచి వచ్చిందో అవి చెబుతాయి. నడుమ ఒక చిన్న ఇటుకల గది కట్టి, అందులో మ్యూయాన్లను లెక్కపెట్టే పెట్టెలు పెట్టారు. ఎయిర్‌పోర్టు రోడ్డు కోసం గుట్టను తొలుస్తున్న చోటునుంచి ట్రాక్టర్లతో ఎర్రమన్ను తోలించి, ఆ గదిని నాలుగు వైపులా, పైనా నిలువెత్తుకు మించి కప్పేశారు. మన్నులో ఆగిపోయేవి ఆగిపోతే, లోపలికి వచ్చిందల్లా మ్యూయానే. ప్రయోగమంతా ఆ మన్ను మీదే నిలబడి ఉంది.

హంస నక్షత్రాల గుంపు వైపు ఒక జంట నక్షత్రం ఉంది. అక్కడినుంచి కాంతి వస్తుంటే ఆ దిక్కు జల్లుల్లో మ్యూయాన్లు కాస్త తగ్గాలి. వీళ్ల లెక్కల్లో పెరిగాయి. హంస ఉత్తరాన ఉంటుంది కాబట్టి, అదే వేళకు దక్షిణాన అంతే వాలులో ఉన్న ఆకాశంతో పోల్చారు. ఒకే వాతావరణం, ఒకే కరెంటు కోత, అంతకన్నా న్యాయమైన పోలిక ఏముంటుందనుకున్నారు. ఉత్తరం పెరిగింది, దక్షిణం మామూలుగా ఉంది. ఫోటాన్ హేడ్రాన్ వేషం కడుతోందనడానికి ఇదే సాక్ష్యమన్నారు వీరరాఘవులు. ఆ రోజు ఆయన కళ్లు చెమర్చాయి. ఆయన రిటైరవడానికి ముందు వచ్చిన చివరి అవకాశం అది. మల్లేశ్వర్ పీహెచ్‌డీ మొత్తం ఆ పెరుగుదల మీదే ఉంది. అది నిలిస్తే అతను డాక్టర్ మల్లేశ్వర్. పోతే మూడేళ్ల చాకిరీ మళ్లీ మొదటికి, అదీ గైడు లేకుండా.

సమీక్షకుడు చెప్పినట్టు ఉత్తరాన ఒక ఖాళీ చోటు ఎంచుకుని లెక్క నడిపించాడు మల్లేశ్వర్. తెర మీద గీత లేచింది. హంస వైపు ఎంత పెరుగుదల ఉందో ఇక్కడా అంతే.

ఏదో పొరపాటయిందని ఇంకో ఖాళీ చోటు పట్టుకున్నాడు. అదే గీత. మరొకటి చూశాడు, అదీ అంతే. ప్రత్యేకమైనది హంస కాదు, ఉత్తర దిక్కే. ఉత్తరాన ఏ జంట నక్షత్రమూ లేనిచోట కూడా మ్యూయాన్లు పెరిగాయంటే, ఆ తేడా ఆకాశంలో లేదు. భూమి మీదే ఉండాలి. పొలానికి ఉత్తరాన అతని ఊరుంది.

అప్పుడే ఫోను మోగింది. వీరరాఘవులు.

"ఏమయ్యా మల్లేశ్వర్, సమీక్షకుడికి జవాబు రాసేశావా? సోమవారం సెమినార్లో ఆ ముక్క కూడా చెప్పేస్తే సరిపోతుంది. పాత మిత్రులందరూ వస్తున్నారు. నవ్వినవాళ్లు కూడా వస్తున్నారు."

"చూస్తున్న సార్."

"చూడ్డానికి ఏముంది, అది చిన్న చెకింగే కదా."

"ఔ సార్. చిన్నదే."

ఫోను పెట్టేశాక తన మీద తనకే అసహ్యం వేసింది. అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. రెండింటి మధ్యా అలా నిలబడడం చదువుకున్నవాళ్లకు బాగా వచ్చు. మల్లేశ్వర్‌కూ వచ్చేసిందన్నమాట.

బండి తీసి తుక్కుగూడ రోడ్డు మీదుగా పొలానికి పోయాడు. దారి పొడుగునా ఒకటే తర్కం. డబ్బాలు చెడ్డాయా? చెడితే అన్ని దిక్కులా చెడాలి. తీగలేమైనా లూజయ్యాయా? అయితే లెక్క తగ్గాలి గానీ పెరగదు. మన్ను కరిగిందా? దిబ్బ నెత్తిమీద గీతలున్న ఇనుప కడ్డీ పాతారు. వానాకాలం తర్వాత ప్రతిసారీ అతనే ఎక్కి చూశాడు, మన్ను గీత దిగలేదు. మరి?

పొలం గట్టు మీద బండి ఆపి మొదట దిబ్బ ఎక్కాడు. కడ్డీ మీద మన్ను ఉండాల్సిన చోటే ఉంది. ప్రాణం కాస్త కుదుటపడింది. దిగుతూ ఉత్తరం వైపుకు తిరిగాడు. ఆ వైపంతా తంగేడు పొదలు పచ్చగా పూసి ఉన్నాయి. పువ్వులు చూసి మురిసిపోయే స్థితిలో లేడు కాబట్టి, పొదల కిందికి చూశాడు. పొద మొదట్లో ఎర్రటి తాజా మన్ను రాలి ఉంది.

కొమ్మలు పక్కకు తీశాడు. దిబ్బ పొట్టలో ఒక గుహ. కూర్చుని జరుగుతూ లోపలికి పోయేంత గుహ, గోడలు గడ్డపార పోట్లతో నునుపుగా ఉన్నాయి. చొక్కా చిరుగుతున్నా లెక్కచేయకుండా లోపలికి దూరాడు. చల్లగా ఉంది. చెయ్యి చాపాడు. వేళ్లకు ఇటుక తగిలింది.

నిలువెత్తుకు మించి మన్ను ఉండాల్సిన చోట ఏమీ లేదు. దక్షిణంనుంచి వచ్చే ఎలక్ట్రాన్లు మన్నులో ఆగిపోతుంటే, ఉత్తరంనుంచి వచ్చేవి ఈ దారిన దర్జాగా లోపలికి నడిచివస్తున్నాయి. పెట్టెలు వాటిని కూడా మ్యూయాన్ల ఖాతాలో వేశాయి. ఫోటాన్ ఏ వేషమూ కట్టలేదు. మోసపోయింది వీళ్లే.

ఆ గుహలోనే కూలబడి మల్లేశ్వర్ ఒక సంగతి ఆలోచించాడు. దాచకుండా చెప్పాలంటే, చాలాసేపే ఆలోచించాడు. ఈ రాత్రికి నాలుగు తట్టల మన్ను వేసి మూసేస్తే ఎవరికి తెలుస్తుంది? సమీక్షకుడు ఏ దేశంలో ఉన్నాడో. ఖాళీ చోటులో పెరుగుదల లేదని ఒక్క వాక్యం రాస్తే చాలు. సార్ మొహం వెలుగుతుంది. నవ్వినవాళ్ల నోళ్లు మూతపడతాయి.

బయట ఆడవాళ్ల మాటలు వినిపించాయి. పొదలు కదిలాయి. గడ్డపారా తట్టలూ పట్టుకుని ఇద్దరు వంగి చూశారు. ముందున్నది వాళ్ల ఇంటిపక్క ఈరమ్మ. వెనకున్నది అతని తల్లి రుక్మిణమ్మ.

"ఓ అవ్వ, లోపల మనిషున్నడే" అని ఈరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"మల్లేషా?" రుక్మిణమ్మ నమ్మలేక చూసింది. "ఏంది బిడ్డా, గీడ గిట్ల కూసున్నవ్? పానం మంచిగ లేదా?"

మల్లేశ్వర్ బయటికి వచ్చాడు. మోకాళ్లు, మోచేతులు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, ఈ మన్ను ఎవరు తీసిన్రు?"

"మేమే తీస్తున్నం. పండుగకు అలుకొద్దా ఇల్లు? ఊళ్లె ఎర్రమన్ను ఏడ మిగిలింది? గుట్ట పాయె, గడ్డ పాయె, అన్నిట్ల గోడలు పెట్టిన్రు. గీ ఒక్క దిబ్బనే ఉండె."

"ఎప్పటిసంది?"

"పెట్టిన ఏడాదిసందే. ఎందుకు గట్ల అడుగుతున్నవ్? ఏమైంది?"

తప్పు తనమీదికి వస్తుందేమోనని ఈరమ్మ ముందే అడ్డుపడింది. "మీ అమ్మనే ఒప్పుకున్నది నాయనా. మేం ఊకెనే తవ్వలే. పై మన్ను ముట్టలే. పై మన్నుల గడ్డి వేర్లుంటయి, అలుకుకు అక్కరకు రాదు. లోపలిదే నున్నగ ఉంటది."

మల్లేశ్వర్‌కు ఇన్నేళ్లలో తల్లి మీద ఎన్నడూ రానంత కోపం వచ్చింది. "ఎవర్ని అడిగి ఒప్పుకున్నవ్? నా మూడేండ్ల పని నాశనమైంది. నన్నొక్క మాట అడగొద్దా?"

రుక్మిణమ్మ తట్ట కింద పెట్టింది. ఆమె ముఖం పాలిపోయింది. కానీ మాట మాత్రం తొణకలేదు.

"నిన్ను అడిగిన బిడ్డా. మన్ను పోస్తున్న నాడే అడిగిన. గింత మన్ను ఎందుకురా అని. నువ్వేమన్నవ్? లోపల సామాను ఉంది, ఎండ కొట్టొద్దని అన్నవ్. అందుకే ఎండ వడె దిక్కు ఒక్క పార కూడా వెయ్యనియ్యలే. గీ నీడ దిక్కు మాత్రమే తవ్వుకోమన్న. ఈరమ్మను అడుగు, ఒకసారి రేణుకమ్మ కోడలు అటు దిక్కు తవ్వవోతే కయ్యం వెట్టుకున్న."

మల్లేశ్వర్‌కు గుర్తుంది. ఆ రోజు ట్రాక్టర్ల దుమ్ములో తల్లి అడిగింది. అమ్మకు మ్యూయాన్ల గురించి ఏం చెబుతాం, చెప్పినా ఏం అర్థమవుతుందని, నోటికొచ్చిన మాట చెప్పి పంపేశాడు. ఆమె ఆ మాటను పట్టుకుని మూడేళ్లు కాపలా కాసింది. దిబ్బకు ఉత్తర దిక్కే నీడ దిక్కు. హంస ఉండేది కూడా ఉత్తరానే.

ఆ రాత్రి అన్నం సహించలేదు. ఎదురుగా గోడలు గత ఏడాది అలుకు వెలసిపోయి ఉన్నాయి. ఈ ఏడాది అలుకు పడలేదు. తల్లి వడ్డించింది, వడ్డించింది వడ్డించినట్టే ఉన్న విస్తరి తీసింది. కుర్మయ్యకు సంగతేమిటో తెలియకపోయినా, ఇంట్లో గాలి బాగాలేదని తెలిసి అరుగు మీదే పడుకున్నాడు.

తెల్లవారి బుద్వేల్ పోయాడు. వీరరాఘవులు హాల్లో సెమినారు కాగితాలు సర్దుకుంటున్నారు. మల్లేశ్వర్ నిలబడే మొత్తం చెప్పేశాడు. మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని భయం.

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచి, పెట్టుకోకుండానే చేతిలో పట్టుకున్నారు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

గుహ మూసేసి ఊరుకుందామని సార్ ఒక్క మాట అంటే చాలు, తను ఒప్పుకునేవాడు. ఆ సంగతి సార్‌కూ తెలుసు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

"పద, ఆ గుహ చూపించు" అన్నారు చివరకు.

అరవైకి దగ్గరపడిన మనిషి, ఇస్త్రీ చొక్కాతో, దిబ్బలోకి పాక్కుంటూ పోయారు. లోపలినుంచి ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక మోచేతుల మన్ను దులుపుకోకుండానే ఊళ్లోకి నడిచారు. కుర్మయ్య ఇంటి ముందు రుక్మిణమ్మ ఎదురొచ్చి చేతులు జోడించింది.

"సారూ, తప్పు నాది. పోరన్ని ఏమనకుండ్రి."

వీరరాఘవులు వెలసిన ఎర్రగోడ మీద అరచెయ్యి ఆనించారు. "మా మ్యూయాన్లన్నీ ఇక్కడున్నాయన్నమాట" అన్నారు మల్లేశ్వర్‌తో. ఆ గొంతులో నవ్వుందో ఏడుపుందో తెలియలేదు. తర్వాత ఆమెవైపు తిరిగి, "మేం చెప్పినట్టే మీరు కాపాడారమ్మా. మేమే మీకు సరిగా చెప్పలేదు. కాస్త టీ ఇప్పించండి" అన్నారు.

సోమవారం సెమినార్లో ఆయన వ్యాసం వెనక్కు తీసుకుంటున్నట్టు ప్రకటించారు. దిబ్బ కథ దాచకుండా చెప్పారు. వెనక వరుసలో ఎవరో నవ్వారు. మల్లేశ్వర్ తలదించుకున్నాడు, ఆయన దించుకోలేదు. ఆ పూట మల్లేశ్వర్‌కు గైడు మీద పుట్టిన గౌరవం ఆ తర్వాత ఎన్నడూ తగ్గలేదు.

గుహ పూడ్చడానికి మన్ను కావాలి. ఒక అపార్టుమెంటు పునాది తవ్వుతున్నారని తెలిసి రుక్మిణమ్మే మేస్త్రీతో మాట్లాడింది. తర్వాతి ఆదివారం పొద్దున చూస్తే ఈరమ్మ, రేణుకమ్మ కోడలు, ఇంకా అలుకు మన్ను పట్టుకుపోయిన ఆడవాళ్లందరూ తట్టలెత్తుకుని వచ్చారు. పిలిచిందెవరో మల్లేశ్వర్ అడగలేదు. ఆడవాళ్లు మన్ను పోస్తుంటే అతను లోపల తొక్కి, దిమ్మిసతో కొట్టి గట్టిచేశాడు. ఆ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, తల్లికి మొదటిసారి మొత్తం చెప్పాడు. పైనుంచి ఏమేం పడతాయో, ఏవి మన్నులో ఆగుతాయో, ఏవి ఆగవో, వెలుగు వేషం కట్టడమంటే ఏమిటో.

ఆమె అంతా విని, "గింతేనా?" అంది. "గీ ముక్క అప్పుడే చెప్తే నాకు సమజ్ గాకపోవునా?"

మల్లేశ్వర్ గోళ్ల సందుల్లోని ఎర్రమన్ను తీసుకుంటూ కూర్చున్నాడు.

లెక్క మళ్లీ మొదలైంది. వీరరాఘవులు రిటైరయ్యారు. కాగితాల మీద గైడు మారినా, ఆయన బస్సులు మారి పొలానికి వస్తూనే ఉన్నారు. కొన్నాళ్లు పెరుగుదల తిరిగి వస్తుందేమోనని ఇద్దరూ లోలోపల ఆశపడ్డారు, పైకి చెప్పుకోలేదు. రాలేదు. 2014 వానాకాలానికి ఉత్తరం గీతా దక్షిణం గీతా ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఫోటాన్ హేడ్రాన్‌లా ప్రవర్తించేది అందరూ అనుకున్నంత మేరకే, అంతకు మించి తమ పరికరాలకు కనబడలేదన్నది మల్లేశ్వర్ థీసిస్. ముప్పయ్యేళ్ల అనుమానానికి "లేదు" అన్న జవాబు. వీరరాఘవులు ఆ గీతలను చూసి, "పోనీలే, తేలింది కదా" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో మల్లేశ్వర్‌కు తెలుసు.

థీసిస్ ప్రతి చేతపట్టుకుని ఇంటికి వచ్చిన రోజు, మళ్లీ బతుకమ్మ దగ్గరపడింది. వాకిట్లో ఈరమ్మ ఖాళీ తట్టతో నిలబడి ఉంది. మల్లేశ్వర్ గోడ పక్కనే ఆగిపోయాడు.

"రుక్కమ్మా, జర నాలుగు దోసిళ్లంత తీసుకుంటనే. ఏడ మన్ను లేదు. నీడ దిక్కే తీస్త."

"నీడ దిక్కు లేదు, ఎండ దిక్కు లేదు ఈరమ్మా. గా మన్ను ఎండకు గాదు" అంది రుక్మిణమ్మ. "మీదికెంచి రెండు తీర్లయి పడ్తయి. ఒకటి మెత్తనియి, మన్నుల ఆగుతయి. ఇంకోటి మొండియి, ఆగయి. మొండియి ఎన్నొచ్చినయో లెక్క వెడితేనే, వచ్చింది వెలుగో ఇంకోటో ఎరుకైతది. నువ్వు మన్ను తీస్తివనుకో, రెండూ ఒక్కతీరుగనే లోపలికి వోతయి. నా కొడుకు మోసపోతడు."

ఈరమ్మ ఏదో గొణిగి తట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ ఏడు కూడా రుక్మిణమ్మ ఇల్లు అలకలేదు.